గుర్రాల దీపం

బెంగుళూరు ఎగ్జిబిషన్లో ఒకాయమ్మ
సెల్లులో బొమ్మ చూపించి అడిగిందంట:
"చైనావాళ్ల కాగితం లాంతరు ఇది.
లోపల గుర్రాలు వాటంతటవే పరిగెత్తుతాయి.
మీ తోలుతో చేసిస్తారా?"

మా చిన్నాయన కుళ్లాయప్ప
అడిగినోళ్లకు లేదనడు, రేటు చెప్పడం మాత్రం మరిచిపోతాడు.
బస్సు దిగి నిమ్మలకుంటలో ఇల్లు చేరేదాకా
ఒకటే మాట: "మోటరు యాడుండాది దాంట్లో?"

మోటరు లేదు.
దీపం, దాని మీద చక్రం, చక్రానికి వేలాడే గుర్రాలు.
వెయ్యేండ్ల కిందట ఎవురో
దీపం పక్కన ఊరికే కూర్చున్నోడు కనిపెట్టుంటాడు.
పని ఎక్కువున్నోడికి పొగ ఎటు పోతాదో కనపడదు.

మేకతోలు మాకు కొత్త కాదు.
ఉడుకునీళ్లల్లో నానేసి, వెంట్రుకలు గీకి,
మొలలు కొట్టి బిగదీస్తే
మూడో దినానికి కిటికీ అవుతాది.
ఊనిన చెప్పుతోలు వెలుగును మింగేస్తాది,
పచ్చితోలు పోనిస్తాది.
ఏంటికో మా తాతకు తెలీదు.
ఎంత పల్చన గీకాలనేది మాత్రం
ఆయన వేలికి తెలుసు.

గుర్రాలు పాతవే.
అశ్వమేధం ఆటలో నిలువెత్తున్నవి
బొటనేలంతకు దిగినాయి.
చక్రం, పౌడరు డబ్బా మూత.
మూత నడుమ టిచ్ బటను అతికించి
దబ్బనం మొన మీద బోర్లించినాడు.
కింద అరవై బల్బు.
కదల్లేదు.
మేత వేస్తే గానీ కదలమన్నట్ల నిలబడినాయి గుర్రాలు,
నాలుగు దినాలు.

ఐదో దినం కనగానపల్లికి పెండ్లికి పోతా
రామగిరి గుట్టల మీద గాలిమరలు చూసి
బస్సులోనే లేసి నిలబడినాడు.
"రెక్క తిన్నగా లేదే పాపా, ఓరగా ఉండాదే!"
అక్షింతలు వేసీ వేయకముందే ఇంటికొచ్చి
మూతను పన్నెండు రెక్కలుగా కత్తిరించి
ఒక్కోదాన్ని రవ్వంత వంచినాడు.

మూడో నిమిషంలో
ఒక గుర్రం తల గోడ మీద జరిగింది.
మా చిన్నమ్మ చాట కింద పెట్టేసింది.

గాలి కాగితే తేలికవుతాది,
తేలికైంది పైకి పోతాది,
పోతా పోతా వంగిన రెక్కను నెడతాది.
తొమ్మిదో తరగతిలో నేను చదివిందే.
ఐదుకు ఐదు మార్కులు.
అప్పుడు రాసినా, చూడలేదు.

ముప్పై దీపాలు అమ్మినాము.
నెలకు ఫోను: "తిరగడం లేదు, దుడ్లు వాపసివ్వండి."
ఇంకొకటి. పూనా నుంచి ఇంకొకటి.
చిన్నాయన అన్నం మధ్యలో లేసినాడు.
మోసమనే మాట
మా గడప ఎప్పుడూ తొక్కలేదు.

ధర్మవరంలో బల్బులమ్మే మాబుసా
దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వినాడు.
"వాళ్లు ఎల్ఈడీ పెట్టింటారు సామీ.
మంచి బల్బే. కరెంటు తినదు, చెయ్యి కాల్చదు.
గుర్రాలను తిప్పేదానికి దాని దగ్గర ఏం మిగల్దు."

పాత బల్బు నూటికి తొంభై పాళ్లు
వేడికే తగలేస్తాదంట.
ఆ తగలేసిందే
ఇన్ని దినాలూ మా గుర్రాల దాణా.

నిచ్చెన వేసి అటక మీంచి
పాత బల్బులు పదకొండు దించినాడు.
ఒక్కోదాన్ని చెవి దగ్గర ఊపి విని,
దుమ్ము తుడిచి, పేపర్లో చుట్టి.
"ఇంక రావు సామీ."
ముప్పైకి పదకొండు.
మిగతావాళ్లకు ఏం చెప్పాలో
దోవ పొడుగునా ఎవురమూ మాట్లాడలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చిన్నమ్మ ఆముదం దీపం ముట్టించి
మూత కిందికి జరిపింది.
తాత కాలంలో తెరెనక ఇవే దీపాలు.
బొమ్మను ఊరికే ఆనించినా రవ్వంత అదిరేది.
"సీతమ్మ ఊపిరి తీసుకుంటాంది" అనేటోడు.
మేము తాత చెయ్యి వణుకుతాంది అనుకున్యాము.

గుర్రాలు తడబడి లేసినాయి.
గోడ మీద, దూలం మీద, చిన్నాయన మొగం మీద.

నూనె అయిపోయి వత్తి కొండెక్కినాక
లోపలి గాలి ఇంకా వెచ్చగానే ఉన్నట్లుంది.
చీకట్లో మాకు గుర్రాలు కనపడలేదు.
టిచ్ బటన్లో దబ్బనం గీరుకునే సప్పుడు మాత్రం
ఒక చుట్టు,
ఇంకో చుట్టు,
ఇంకా రవ్వంత.